ముందు పెద్దవాళ్ళ టిక్కెట్లు చూడు

విశాఖపట్నం

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి మనసులో తిరుగుతూనే ఉంది. జనవరిలో హైదరాబాదులో మీ డిపార్టుమెంటు పెట్టే జాతీయ సదస్సుకు నిన్ను ఆర్గనైజింగ్ సెక్రటరీని చేశారన్నావు. పర్యావరణానికి భారం కాకుండా జరుపుదామని మొదటి మీటింగులోనే అంటే అందరూ సరేనన్నారట. నీళ్ళ సీసాలు వద్దన్నారు, జనపనార సంచులు పెడదామన్నారు, అక్కడితో ఆ చర్చ ముగిసిందట. "ప్రయాణాల మాట ఎత్తితే మాత్రం ఒక్కరూ పలకలేదు పెద్దమ్మా" అన్నావు చూడు, అసలు విషయమంతా ఆ మౌనంలోనే ఉంది. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కమిటీలో నీ మాట నిలవాలంటే ముందు లెక్క నీ చేతిలో ఉండాలి. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ ఏటా డిసెంబరులో పెద్ద సభ పెడుతుంది. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభకు సుమారు 28,000 మంది వచ్చారు. వాళ్ళ రాకపోకలన్నీ కలిపితే 28.5 కోట్ల కిలోమీటర్లు. ఆ ప్రయాణాల వల్ల గాలిలో కలిసింది 80,000 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానం. ఈ లెక్క కట్టినవాళ్ళు మరుసటి ఏడాది 'నేచర్' పత్రికలో దాన్ని ప్రచురించారు. తలకు దాదాపు 3 టన్నులు పడుతుంది. మన దేశంలో మనిషికి ఏడాదికి వచ్చే సగటు 2 టన్నుల ప్రాంతం. వంట, కరెంటు, బండి, ఇల్లు అన్నీ కలుపుకుని ఇక్కడ ఒక మనిషి ఏడాదంతా వదిలేదానికన్నా, వారం రోజుల సభకు వెళ్ళొచ్చిన ఒక్క శాస్త్రవేత్త లెక్క ఎక్కువ తేలుతోంది. ఆ వచ్చినవాళ్ళలో సముద్రమట్టాలు కొలిచేవాళ్ళున్నారు, మంచు ఎంత కరుగుతోందో లెక్కగట్టేవాళ్ళున్నారు. విషయం తెలియనివాళ్ళు కారు.

అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని గట్టిగా పట్టుకో. ఆ సభను అమెరికా నడిమధ్యకు జరిపి షికాగోలో పెట్టి ఉంటే 12 శాతం తగ్గేదట. దానికితోడు మరీ దూరం నుంచి వచ్చే మూడోవంతుకు కాస్త పైబడినవాళ్ళు ఇంటి నుంచే పాల్గొని ఉంటే నాలుగింట మూడు వంతులు తగ్గేదట. అంటే భారం అందరి మీదా సమానంగా లేదు, కొద్దిమంది దూరప్రయాణాల మీదే పేరుకుని ఉంది. యూరోపియన్ ఖగోళ సంఘం సభ 2019లో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జరిగినప్పుడు 1,855 టన్నులయింది. 2020లో కోవిడ్ వల్ల పూర్తిగా ఆన్‌లైన్‌లో పెడితే, కంప్యూటర్లూ నెట్‌వర్కులూ అన్నీ లెక్కవేసినా 582 కిలోలే తేలింది. టన్నులు కాదమ్మా, కిలోలు. హాజరు మాత్రం పెరిగింది.

మాది జాతీయ సదస్సే, ఆ లెక్కలు మనకెందుకు అంటారు మీవాళ్ళు. సరే, మీ సదస్సుకు ఎవరెవరు ఎలా వస్తారో ఒక్కసారి ఊహించుకో. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాద్ నుంచి పరిశోధక విద్యార్థులు స్లీపర్ క్లాసులోనో ఆర్టీసీ బస్సులోనో వస్తారు. డిగ్రీ కాలేజీ లెక్చరర్లు త్రీ టయర్‌లో వస్తారు. విమానాల్లో వచ్చేది వేదిక మీద కూర్చునేవాళ్ళు. ప్రారంభోపన్యాసానికి ఒకరు, కీనోట్లకు నలుగురు, సెషన్లకు అధ్యక్షత వహించేవాళ్ళు, ముగింపు సభకు ఇంకొకరు. హాల్లో ఉన్న ఇన్ని వందల మంది ప్రయాణాల బరువు ఒకవైపు, ఆ పదిమంది టిక్కెట్ల బరువు ఇంకోవైపు పెట్టి చూడు. ప్రపంచం మొత్తమ్మీదా తీరు ఇదే. 2018లో విమానం ఎక్కినవాళ్ళు ప్రపంచ జనాభాలో 11 శాతమేననీ, ప్రయాణికుల విమానాల కాలుష్యంలో సగం ఒక్క శాతం జనం వల్లనేననీ పరిశోధకుల అంచనా ఒకటుంది.

అందుకే నీకు నేను చెప్పదలచింది ఒక్కటే. తగ్గించాల్సి వస్తే పైనుంచి తగ్గించు. ముందు పెద్దవాళ్ళ టిక్కెట్లు చూడు, పిల్లల జోలికి చివర్న వెళ్ళు, అసలు వెళ్ళకపోయినా ఫరవాలేదు.

పిల్లల జోలికి వెళ్ళొద్దని ఎందుకంటున్నానో చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఇక్కడ ఒక సదస్సులో పోస్టర్ల సెషన్ పెట్టారు. భోజనాలయ్యాక, వరండాలో. ఒక పిల్ల చెరువు నీళ్ళలో నైట్రేట్ల మీద పోస్టరు అతికించుకుని పక్కన నిలబడింది. వచ్చేపోయేవాళ్ళంతా టైటిల్ చదివి తల ఊపి వెళ్ళిపోతున్నారు. ఒక పెద్దాయన ఆగాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని, వంగి, మూడో గ్రాఫు మీద వేలు పెట్టి, "ఈ నమూనాలు వానలకు ముందు తీశావా అమ్మా, తరవాతా?" అన్నాడు. ఆ అమ్మాయి రెండూ కలిపేసింది. నోట మాట రాలేదు. ఆయన అక్కడే గోడకు ఆనుకుని నిలబడి, జేబులోంచి పెన్ను తీసి, ఆ గ్రాఫును రెండుగా ఎలా విడగొట్టాలో పోస్టరు అంచు మీదే గీసి చూపించాడు. టీ చల్లారిపోయింది, ఆయన పట్టించుకోలేదు. ఆ అమ్మాయి థీసిస్ ఆ గీత మీద నిలబడింది. వీడియోలో అయితే అది జరిగేది కాదు. అక్కడ ఎవరూ మూడో గ్రాఫు దగ్గర ఆగరు.

మనుషులు కలవడం అనవసరం అని వాదించేవాళ్ళతో నేను ఏకీభవించను. కలవాల్సిన అవసరం అందరికీ ఒకేలా ఉండదు అంటాను. దేశంలోని ప్రతి డిపార్టుమెంటులోనూ పేరుపెట్టి పిలిచేవాళ్ళున్న ప్రొఫెసరుకు ఇంకో కీనోటు వల్ల కొత్తగా ఒరిగేదేమీ ఉండదు. తన గైడును తప్ప ఇంకో శాస్త్రవేత్తను ఎరగని పిల్లకు ఒక్క పలకరింపుతో దారి మారిపోతుంది. ప్రయాణాన్ని కరువులో నీళ్ళలా పంచుకోవాల్సి వచ్చినప్పుడు మొదటి బిందె ఎవరికివ్వాలో ఆలోచించు.

ఇక ఆ మౌనం సంగతి. మీ కమిటీవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మాట్లాడకపోవడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. యూజీసీ 2018 నిబంధనల్లో స్కోరు పట్టిక తీసి చూడు. విదేశంలో పేపరు చదివితే 7 పాయింట్లు, దేశంలోనే అంతర్జాతీయ సదస్సయితే 5, జాతీయమైతే 3, రాష్ట్రం లేదా యూనివర్సిటీ స్థాయి అయితే 2. అంటే ఎంత దూరం వెళితే అన్ని మార్కులు. ప్రమోషన్ ఫైలు పట్టుకుని తిరుగుతున్న అసోసియేట్ ప్రొఫెసరును పట్టుకుని విమానం ఎక్కొద్దంటే ఏం చెప్తాడు? మొన్నమొన్నటి దాకా పీహెచ్‌డీ సమర్పించాలంటే రెండు సదస్సుల్లో పేపర్లు చదివి తీరాలన్న నిబంధన ఉండేది, 2022లో దాన్ని తీసేశారు. పట్టిక మాత్రం మనసుల్లో అలాగే ఉంది. బ్రోషరు మీద పరదేశపు పేరు ఒక్కటి కనబడితే సదస్సు అంతర్జాతీయమైపోతుంది, గ్రాంటు అడగడానికి బలం వస్తుంది, కాలేజీకి నాక్ గుర్తింపు కోసం చూపించుకోవడానికీ పనికొస్తుంది. ఈ లాభాలన్నీ దూరప్రయాణానికే కట్టిపెట్టి ఉంచి, మనుషుల మనసు మారలేదంటే ఎలా?

ఇంకో నమ్మకం కూడా గట్టిగా పాతుకుని ఉంది. ఎక్కువ తిరిగినవాడే ఎక్కువ ఎదుగుతాడని. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో దీన్ని పరీక్షించి 2019లో ప్రచురించారు. ఎవరు ఎంత ఎగిరారన్నదానికీ వాళ్ళ పరిశోధన ఫలితాలకూ సంబంధం కనబడలేదు. జీతానికి మాత్రం కనబడింది. పర్యావరణ విషయాలు చదివేవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువ ఎగరడం లేదని కూడా అందులోనే తేలింది. బ్రిటన్‌లో కార్డిఫ్ పరిశోధకులు 2020లో ఇంకో సంగతి బయటపెట్టారు. వాతావరణ మార్పు మీద పనిచేసేవాళ్ళు తక్కిన శాస్త్రవేత్తలకంటే ఎక్కువగానే విమానాలెక్కుతున్నారు, అందులోనూ ప్రొఫెసర్లు మరీ ఎక్కువ. కాబట్టి కమిటీకి భూతాపం మీద స్లైడ్లు వేసి చూపించాలని నువ్వు అనుకుంటుంటే ఆ శ్రమ మానుకో. వాళ్ళకు తెలియక కాదు. తెలిసినదాన్ని ఆచరించడానికి వీలుగా ఏర్పాటు ఉండాలి, ఆ ఏర్పాటు చేసే చోట ఇప్పుడు నువ్వున్నావు.

అలాంటి ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చూడు. 2023లో జియాన్‌లూకా గ్రిమాల్డా అనే ఇటలీ పరిశోధకుడు పాపువా న్యూగినీలోని బూగన్‌విల్ నుంచి వెంటనే విమానంలో తిరిగి రమ్మని జర్మనీలోని తన సంస్థ అడిగితే ఒప్పుకోలేదు. ఓడల్లో, రైళ్ళలో వస్తానన్నాడు. ఉద్యోగం పోయింది. ఆయన మీద నాకు గౌరవమే. కానీ అలాంటి త్యాగం నీ నుంచి గానీ మీ విద్యార్థుల నుంచి గానీ ఎవరూ కోరకూడదు. ఉద్యోగం ఖాయమైనవాళ్ళు, పేరు స్థిరపడ్డవాళ్ళు చేయాల్సిన పని అది.

ఇప్పుడు చేతల్లోకి వస్తాను. పొరుగు దేశాల నుంచీ సముద్రాల అవతలి నుంచీ పిలవాలనుకున్నవాళ్ళ పేర్లన్నీ తెర మీదికి మార్చు. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. కాలిఫోర్నియాలో కెన్ హిల్ట్‌నర్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరు 2016లోనే ఒక్క విమానం లేకుండా సదస్సు జరిపాడు. ఉపన్యాసాలు ముందే రికార్డు చేయించి, ప్రశ్నలూ జవాబులూ వారాల తరబడి రాతలో నడిపించాడు. 2018లో సంగీత మనస్తత్వశాస్త్రంవాళ్ళ అంతర్జాతీయ సభ ఒకేసారి నాలుగు చోట్ల జరిగింది: ఆస్ట్రియాలో గ్రాజ్, కెనడాలో మాంట్రియల్, అర్జెంటీనాలో లా ప్లాటా, ఆస్ట్రేలియాలో సిడ్నీ. ఎవరికి దగ్గరైన ఊరికి వాళ్ళు వెళ్ళి, అక్కడ మనుషుల మధ్య కూర్చుని, మిగతా ఊళ్ళను తెర మీద చూశారు. ఇది మనకు సరిగ్గా సరిపోయే పద్ధతి. హైదరాబాదులో మీరు, ఇక్కడ విశాఖలో ఒక హాలు, తిరుపతిలో ఒక హాలు. రాయలసీమ పిల్లలు తిరుపతిలో కూడతారు, ఉత్తరాంధ్ర పిల్లలు ఇక్కడ కూడతారు. పోస్టర్ల సెషన్ ఏ ఊళ్ళో దానికదే ఉంటుంది. పేపరు ఏ హాల్లో చదివినా, తెర మీద చదివినా సర్టిఫికెట్ ఒక్కలాగే ఉండాలి, ఆన్‌లైన్ అన్న ముక్క దాని మీద వేయించకు.

తెర అంటే జనం ముఖం చిట్లిస్తారు. 2020, 21లలో చూసిన వెబినార్లు అలా ఉన్నాయి మరి. ఎక్కువగా పాడుచేసేది నెట్‌వర్కు కంటే మైకులు. హాల్లో వాళ్ళు మైకు లేకుండా ప్రశ్న అడుగుతారు, అవతల మనిషికి వినబడదు, రెండు నిమిషాలకు అక్కడొక మనిషి ఉన్నట్టే అందరూ మర్చిపోతారు. ప్రతి హాల్లో ఒక విద్యార్థికి ఇదే పని అప్పగించు. తెర మీది మనిషి తరఫున చెయ్యెత్తడం, వాళ్ళ ప్రశ్నను ముందుగా చదవడం. మొదటి ప్రశ్న ఎప్పుడూ అవతలివాళ్ళదే అని అధ్యక్షులకు చెప్పెయ్. ఈ ఒక్క నియమంతో చాలా మారుతుంది.

రైలు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నేను తీసుకోను. విశాఖకూ హైదరాబాదుకూ నడుమ 700 కిలోమీటర్లు. సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి నాంపల్లిలో ఉంటాం. 2023 జనవరి నుంచి వందేభారత్ కూడా తిరుగుతోంది. అయినా జనం విమానం ఎందుకెక్కుతారంటే, సగం తప్పు నిర్వాహకులదే. అబ్‌స్ట్రాక్టు ఆమోదించామన్న కబురు మూడు వారాల ముందు పంపుతారు. అప్పటికి రైలంతా వెయిటింగ్ లిస్టు. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి నీ ఉత్తరాలు అంతకు ముందే చేరాలి. పైగా మీది జనవరి. సంక్రాంతికి అటూ ఇటూ వారం రోజులు ఏ రైల్లోనూ కాలు పెట్టే చోటుండదు, ఆ వారాలు వదిలెయ్. తొలిరోజు ప్రారంభ సభ పదకొండుకు పెట్టు, ఆఖరి రోజు మూడున్నరకల్లా ముగించు. రాత్రి బండి దిగినవాళ్ళు స్నానం చేసి రావాలి, సాయంత్రం బండి ఎక్కేవాళ్ళు పరుగులు తీయకూడదు. అతిథులకు పంపే ఉత్తరంలో ఏసీ ఫస్టు గానీ టూ టయర్ గానీ ఇస్తామని ముందే రాసెయ్. ఎంచుకోమంటే విమానమే ఎంచుకుంటారు.

మిగతావి నీకు తెలిసినవే. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై నుంచి నిషేధం, ఫ్లెక్సీ బదులు గుడ్డ మీద రాయించు. సంచి ఇచ్చేటట్టయితే దాని మీద సదస్సు పేరు, సంవత్సరం, స్పాన్సర్ల లోగోలు అచ్చు వేయించకు. అన్నీ అచ్చేసిన సంచిని ఎవరూ బజారుకు తీసుకెళ్ళరు. స్టీలు కంచాలు, స్టీలు గ్లాసులు పెట్టు. ఏ పూట ఎంతమంది తింటారో రిజిస్ట్రేషన్‌లోనే అడుగు. పిల్లలు రాత్రి భోజనానికి ఉండరు, నాలుగు గంటలకే బస్టాండుకు పోతారు, ఆ అన్నమే ఎక్కువగా మిగిలిపోయేది.

మొక్కల గురించి మాత్రం ఒక మాట. బొకే బదులు అతిథి చేతిలో మొక్క పెట్టడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. సంతోషమే. కానీ విమానాలకు బదులుగా మొక్కలు నాటిద్దాం, లెక్క సరిపోతుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. విమానం వదిలింది ఈరోజే గాలిలో కలుస్తుంది. మొక్క దాన్ని పీల్చుకోవాలంటే ఏళ్ళూ పూళ్ళూ బతకాలి, ఎవరో నీళ్ళు పోయాలి. ఫోటో అయ్యాక ఆ కుండీ గెస్ట్‌హౌస్ గదిలోనే ఉండిపోతుంది.

సదస్సు అయ్యాక ఒక పని తప్పకుండా చెయ్యి. ఎంతమంది విమానంలో వచ్చారు, ఎంతమంది రైల్లో, ఎంతమంది బస్సులో, ఎంతమంది తెర మీద, ఈ నాలుగు అంకెలూ నివేదికలో అచ్చువేయించు. వ్యాఖ్యానం అక్కర్లేదు, అంకెలు చాలు. మరుసటి ఏడాది సదస్సు పెట్టేవాళ్ళు వాటినుంచే మొదలుపెడతారు.

చివరగా నీ వియన్నా సంగతి. ఏప్రిల్‌లో యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ సభకు నీ పేపరు తీసుకున్నారు, ఇక్కడ ఇన్ని మాటలు చెప్పి నేను విమానం ఎక్కితే ఎలా అని బెంగపడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. వెళ్ళు తల్లీ. నిశ్చింతగా వెళ్ళు. నువ్వు ఎవర్నీ ఎరగవు, నిన్ను ఎవరూ ఎరగరు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? వెళ్ళినదాన్ని వెళ్ళినట్టు నాలుగు రోజుల్లో తిరిగి రాకు. నీ రంగంలో పనిచేసే లాబులు అక్కడ రైలు దూరంలో ఏమున్నాయో ఇప్పుడే చూసి ఉత్తరాలు రాయి, రెండు మూడు వారాలు ఉండేలా సెలవు పెట్టు. ఒక్క ప్రయాణంలో ఐదు ప్రయాణాల పని చేసుకురా. హైదరాబాదులో 2010లో అంతర్జాతీయ గణిత మహాసభ జరిగినప్పుడు విమానం ముఖం ఎరగని మన పిల్లలెందరో ఫీల్డ్స్ పతకం అందుకున్నవాళ్ళను కళ్ళారా చూశారు. అదే మహాసభ 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఆన్‌లైన్‌లో నడిచింది. రెండూ జరిగాయి, రెండింటికీ చోటుంది. ఎప్పుడు ఏది కావాలో ఎంచుకోవడమే నీ పని.

కీనోటుకు నా పేరు కూడా అనుకున్నారన్నావు. నేను విశాఖ హాలు నుంచే మాట్లాడతాను, నా టీఏ డబ్బులు ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే పిల్లలకు రైలు ఛార్జీల కింద ఇవ్వండి. మీ అతిథుల జాబితా ఈ వారంలో పంపు. అందులో ఇద్దరు ముగ్గురు నాకు బాగా తెలిసినవాళ్ళే ఉంటారు. విమానం మానుకోమని వాళ్ళను నువ్వు అడిగితే బాగుండదు, నేను ఫోన్ చేసి అడుగుతాను.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ